తీర్పులమ్మ తలమీది పువ్వు

అత్తా,

నువ్వు పోయి నేటికి ఏడాది. చనిపోయినవాళ్లను విచారించే మన తీర్పులమ్మ నిన్ను విడిచిపెట్టిందో లేదో ఈరోజే తెలియాలి. ఉదయమే మనవాళ్లంతా బొమ్మనహళ్ళి ఇంటికి వచ్చారు. నువ్వు నేర్పినట్టే విగ్రహానికి గంధం పూసి, తలమీద చామంతి పెట్టాను. అది కిందపడితే నీకు విడుదల. ఏడాదిగా నీ దీపం చూస్తున్న నాకూ విడుదల.

మధ్యాహ్నం దాకా కూర్చున్నాం. పువ్వు కదల్లేదు.

"అమ్మోరు ఇంకా విచారిస్తా ఉండాది. ఇంకో ఏడు దీపం చూసుకో తల్లీ," అన్నాడు చిన్నమామ.

"మా అమ్మ బతికుండంగానే ఎవురికీ ఒక్క మాటలో జవాబు చెప్పలేదు. ఆడ మాత్రం చెప్తాదా?" అన్నాడు నీ కొడుకు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను.

హూడిలో మన రాధకు ఆడపిల్ల పుట్టి మూడో నెల. నీ దీపం వెలిగించే చేయి పసిబిడ్డను తాకకూడదు కదా. రాధ ఫోన్ చేసి, "పువ్వు పడిందా అమ్మా?" అని అడిగింది. లేదన్నాను. "పాపను వీడియోలో చూపిస్తాలే," అంది.

అందరూ వెళ్ళాక పువ్వు తీయబోతే గంధం పెచ్చుతో సహా ఊడివచ్చింది. ఎక్కడా పలచన కాకూడదని నేనే అంత మందంగా పూశాను. అందులో అతుక్కుపోయింది. ఆ మాట ఇప్పుడు చెబితే అమ్మవారి తీర్పుకు వంక పెట్టినట్టే.

నీ పాత నూలుచీరలు పాపకోసం చింపి, ఉతికి, సంచిలో సర్ది గుమ్మం దగ్గర పెట్టుకున్నాను. ఆ సంచిని అటకమీదికి ఎక్కించి, నీ దీపంలో నూనె పోశాను.