ఏకాదశినాటి పట్టీ

డాక్టరమ్మకు నమస్కారాలు. మీరు కాలి పుండుకు పట్టీ వేస్తున్న మగ్గం ధనుంజయ భార్యను. ఆయన పేరు రాయక తప్పలేదు.

మొన్న మీరు పుండు చూసి, ఈ కొత్త రకం పట్టీ పనిచేయలేదని కాగితంలో రాసుకున్నారు. దయచేసి ఆ మాట కొట్టేయండి. ఇంకో నెల చూసి అప్పుడు రాయండి. తప్పు పట్టీది కాదు, నాది.

మొదటిరోజు మీరు, ఇది మొక్కజొన్న ప్రోటీన్‌తో చేసింది, తీయనక్కర్లేదు, మెల్లగా ఒళ్ళే దాన్ని తినేస్తుంది అన్నారు. ఆ తినడమనే మాట నా మనసులో ఉండిపోయింది. మాది మంత్రాలయం స్వామిని కొలిచే ఇల్లు. ఏకాదశినాడు గింజ ముట్టం. అందుకే రెండు ఏకాదశులకూ పొద్దున్నే పట్టీ ఊడదీసి, మర్నాడు, ఊడితే వేసుకోమని మీరిచ్చినవాటిలో కొత్తది వేశాను. పట్టీతోపాటు అప్పుడప్పుడే వస్తున్న చర్మమూ ఊడింది. మీరు అడిగినప్పుడు భయపడి చెప్పలేదు.

నిన్న మళ్ళీ ఏకాదశి. నేను పట్టీ మీద చెయ్యి వేయగానే ఆయన కాలు వెనక్కి లాక్కున్నాడు.

"ఉపాసం నేనుండా గదా మే. కాలును తిననీ" అన్నాడు.