ధవళగిరి ఓడలు రెండు

గుణదల.

నాన్నగారికి మనోజ్ఞ నమస్కారాలు. ఇక్కడ అందరం కులాసా. ఫోనులో అడిగితే అత్తయ్యగారు విని బెంగపడతారని కార్డు రాస్తున్నాను.

కింది వాటాలో ఉండే మూర్తిగారు నేవీలో చేసి రిటైరయ్యారు. మీ అల్లుడుగారు ధవళగిరి ఓడలో ఉన్నారని నిన్న చెబితే, "నేను పనిచేసిందీ అందులోనేనమ్మా! దాన్ని తుక్కు కింద కొట్టేసి పాతికేళ్లయిందే!" అన్నారు. హడలిపోయి, మీ అల్లుడుగారు పంపిన ఫొటో చూపించాను. "ఓహో, ఇది కొత్తది. మనవడికి తాత పేరు పెట్టరూ, అలాగన్నమాట" అని నవ్వారు. పాతది యుద్ధంలో గెలిచిన సంగతి కొత్తదాని చరిత్రలోనూ రాస్తారట. పుట్టకముందటి గెలుపు దీనిదెలా అయిందో నాకు అంతు పట్టలేదు.

అమ్మ మోకాలి నొప్పి తగ్గిందా? పామర్రు నుంచి ఎవరైనా వస్తుంటే మాగాయ పంపండి.

పాత ధవళగిరి ఎంత తుఫానులోనైనా అందరినీ క్షేమంగా ఒడ్డుకు చేర్చేదట. అన్నయ్య కొడుక్కి మన తాతయ్య పేరే పెట్టారు కదా, వాడికి తాతయ్య గుణం ఒక్కటైనా వచ్చిందా?

అమ్మకు, వదినకు నమస్కారాలు. బుల్లి తాతయ్యకు ముద్దులు. జవాబు మాత్రం ఉన్నదున్నట్టు రాయండి.

మీ మనోజ్ఞ