చాప దూరంగా ఎందుకు వేసుకున్నానంటే

కోరుట్ల,
జూన్, 2012

బావకు,

ప్రభువు నామంలో వందనాలు. ఇక్కడ నేను, అత్తమ్మ, పిల్లలు బాగానే ఉన్నాం. మస్కట్ ఎండల్లో నువ్వు కూడా బాగుండాలని రోజూ ప్రార్థన చేస్తున్నాను. ఫోన్ చేస్తే అత్తమ్మ పక్కనే ఉంటుంది. అందుకే ఈ ఉత్తరం అక్కడికే వస్తున్న మెట్‌పల్లి జనార్దన్ అన్న చేతికిచ్చి పంపుతున్నాను.

నువ్వడిగినవి చెప్తాను. వినోద్ ఐదో తరగతికి వచ్చాడు. చిన్నది మాటలు నేర్చి అందరినీ ఎక్కిరిస్తోంది. అత్తమ్మ మోకాళ్లు అట్లాగే ఉన్నాయి. తెలంగాణ ఎప్పుడొస్తుందన్నావు. రోడ్ల మీద వంటావార్పులు ఇంకా నడుస్తూనే ఉన్నాయి.

"నీ మనసుల నేను లేను, గందుకే ఇంకో రెండేండ్లు ఈడనే పనిచేస్తనని కాయిదం మీద సంతకం వెట్టిన" అని రాశావు. అది చదివి పొయ్యి ముందే కూర్చుండిపోయాను. అన్నం మాడింది.

చిన్నది కడుపులో ఉండగా పోయినవాడివి, పోయినేడు సమ్మెలో బస్సులు లేకున్నా జీపు పట్టుకుని ఇల్లు చేరావు. నేను చాప దూరంగా వేసుకున్నాను. నువ్వు నవ్వించబోతే లేచిపోయాను. పోయేనాడు హైదరాబాదు దాకా రమ్మంటే రానన్నాను. నీ మీద విసుగుతో కాదు బావా. చిన్నది పుట్టినప్పటి నుంచి తుమ్మినా, నవ్వినా, బిందె లేపినా నాకు ఉచ్చ పడిపోతుంది. బీడీల తంబాకు ఘాటుకు తుమ్ములు ఆగవు. వాసన వస్తుందని నీ పక్కకు రాలేదు. బీడీల చాట పట్టుకుని మూలకు జరిగితే, పక్కన కూర్చుని చుట్టే అంజవ్వ, "మస్కట్ పైసలకు దీని కండ్లు నెత్తికెక్కినయ్" అన్నది. అననీ అనుకున్నాను. నీళ్లు తాగడం మానేశాను. ఉచ్చకు పోతే మంట మొదలైంది కానీ పడడం ఆగలేదు.

మంటకని జగిత్యాల పోతే డాక్టరమ్మే అడిగింది, "తుమ్మితె పడుతదా?" అని. ఏడ్చేశాను.

"కాన్పులైనంక శానమందికి గిట్లనే అయితది, సిగ్గుతోని చెప్పరు. కింది కండలు సడలినయ్. ఉచ్చ ఆపుకున్నట్టు బిగవట్టి ఇడువు. కూసున్న కాడనే రోజు చెయ్యి, నెలలు పడుతది. తుమ్మొచ్చేముందు గూడ బిగవట్టు. నీళ్లు మానకు. గప్పటికి తగ్గకుంటె వేరే ఇలాజ్ ఉన్నది" అన్నది.

బీడీలు చుడుతూనే చేస్తున్నాను, ఎవరికీ తెలియదు. పూర్తిగా పోలేదు కానీ చాలా తగ్గింది. ఈ నాలుగు మాటలు నువ్వున్నప్పుడే చెప్పి ఉంటే ఆ సంతకం పెట్టేవాడివి కాదు.

మొన్న చిన్నది బొగ్గుతో మీసం దిద్దుకుని, నీ గొంతు పెట్టి, "కృపా, చాయ్ వెట్టవా?" అన్నది. ఎన్నేళ్లకో పగలబడి నవ్వాను. చీర తడవలేదు. ఆ మాట నీకు చెప్పాలని పక్కకు తిరిగాను. నీ చాప చుట్టి గోడకు ఆనించి ఉంది.

ఇట్లు,
నీ మరదలు,
కృప