శవం ఏడవకూడదట

మా ఇంటి అలిగిన మహారాణికి,

నీ మొగుడు ఇంకా సరిగ్గా చావలేదు. అదే ఇప్పుడు గొడవ.

ఆ రోజు నేను సోఫాలో ఊపిరి బిగబట్టి పడుకున్నది నిన్ను ఏడిపించడానికి కాదే, సీరియల్లో శవం వేషానికి సాధన. నువ్వు వీధంతా వినపడేలా శోకాలు పెడుతుంటే కళ్ళు తెరిచి "టీ పెడతావా?" అన్నది మాత్రం సరదాకే. అంతమాత్రానికి పుట్టింటికి వెళ్ళిపోతారా ఎవరైనా?

ఇక్కడ నా పాట్లు విను. ఎమర్జెన్సీ వార్డు సెట్టులో నన్ను స్ట్రెచర్ మీద పడుకోబెట్టారు. కథలో డాక్టరూ నర్సూ మొగుడూ పెళ్ళాం. నా నాడి చూసే తీరిక ఇద్దరికీ లేదు. నా పొట్ట మీద చేతులానించి సంసారం గొడవలు పడుతున్నారు. నేను చక్కగా చచ్చి పడున్నాను. ఇంతలో నర్సు, "నీతో ఇక నా వల్ల కాదు, వెళ్ళిపోతున్నా" అంది. అచ్చం నీ గొంతే! నా కళ్ళ వెంట బొటబొటా నీళ్ళు.

"కట్! ఏంట్రా, శవం ఏడుస్తోంది?" అని డైరెక్టర్ అరిచాడు.

మళ్ళీ తీశారు. మళ్ళీ ఏడ్చాను. నర్సు వేషం అమ్మాయి మన గొడవంతా విని జాలిపడి, "బాబాయ్, ముందు పిన్నిని పిలిపించుకో" అంది. డైరెక్టర్ మాత్రం, "సోమవారం కూడా ఏడిస్తే వేరే శవాన్ని చూసుకుంటా" అన్నాడు. పడుకుంటే కూలిచ్చే పని మళ్ళీ ఎక్కడ దొరుకుతుందే?

మీ అన్నయ్యకి చెప్పి ఆదివారం బస్సెక్కెయ్. టీ నేనే పెడతాను. నువ్వు ఇంట్లో ఉన్నావంటే నేను హాయిగా చచ్చిపోతాను.

ఇట్లు,
ప్రస్తుతానికి బతికున్న నీ మొగుడు