రంపపు పొట్టులో ఉప్పు

గూరో, మంచుగడ్డల సరుకుతో లండను రేవు చేరాం, నేను కులాసా.

దారిలో ఓడ అడుగున నీళ్లు పెరిగాయి. అలవాటుగా పంపు నీళ్లు దోసిట్లో పట్టి చప్పరించాను. చప్పగా ఉంటే మంచు కరుగుతున్నట్టు, ఉప్పగా ఉంటే ఓడకు చిల్లి పడ్డట్టు. ఉప్పగా ఉన్నాయి. కప్తాను మొహం పాలిపోయింది. "సరుకు మునిగితే మునగనీ, పడవలు దింపండిరా" అన్నాడు.

"ఒక్కసారి కిందికెళ్లి చూసొస్తానండీ" అని దిగాను. చిల్లి ఎక్కడా లేదు. మంచు మీద కప్పిన రంపపు పొట్టు నోట్లో వేసుకుంటే ఉప్పుకషాయం. మీ అన్న అస్లాక్ చేపలకు ఉప్పు పట్టించే కొట్టంలో నేల మీద పరిచిన పొట్టు ఊడ్చి, అదే మన ఓడకు పోశాడు. మంచును కాయాల్సిన పొట్టే దాన్ని సగం తినేసింది.

తగువు నేనొచ్చి పెట్టుకుంటాను. నెలాఖరుకు మన అబ్బాయి ఎయివిండ్ ఎక్కే మంచు ఓడకూ పొట్టు మీ అన్నదే. నువ్వు రేవుకెళ్లి ప్రతి బస్తాలోంచీ చిటికెడు నాలుక మీద వేసుకుని చూడు. ఉప్పగా ఉంటే అన్న అని మొహమాటపడకు, సముద్రంలో పోయించు. ఆ పొట్టుంటే, నిజంగా చిల్లి పడ్డా వాడి నాలుకకు తెలియదు.

ఆవు ఈనిందా? అమ్మకు దగ్గు తగ్గిందా? ఎయివిండ్‌కు నా దీవెనలు చెప్పు, బస్తాలు రుచి చూశాకే.

టోర్కెల్