గొంతుకు సెలవు

ఏప్రిల్ 7, మంగళవారం

గొంతు ఇంకా రాలేదు. ఈస్టర్ నాడు పోయింది పోయినట్టే ఉంది.

రెండో చరణం, పైకి ఎత్తుకునే చోటు. ప్రతి ఏడూ నాదే ఆ చోటు. నోరు తెరిస్తే గాలి వచ్చింది. ఉత్త గాలి. పక్కన నిలబడ్డ అనిత టక్కున అందుకుంది. ఆ పిల్ల క్వయర్‌లో చేరి ఏడాది కూడా కాలేదు. కూర్చున్నవాళ్లకి తెలియలేదనుకుంటా. శామ్యూల్ మాస్టారికి తెలిసింది. కీబోర్డు మీంచి తలెత్తి ఒక్కసారి చూశారు, అంతే.

ఇవాళ బాలింతల వార్డులో మంచానికి నలుగురు చుట్టాలు. అరుద్దామంటే అరుపు లేదు. ట్రే మీద కత్తెరతో టంగుటంగున కొట్టాను. అందరూ బయటికి నడిచారు! జూనియర్ నర్సు ఫాతిమా నవ్వలేదు. "మాకైతె చెప్తరు సిస్టర్. మీరు మాత్రం చూపించుకోరు."

చూపించుకోవాలి.

ఏప్రిల్ 9, గురువారం

గొంతు డాక్టరమ్మ మా అమ్మాయి షారోన్ కంటే చిన్నది. ముక్కులోంచి సన్నటి గొట్టం వేసి, నా గొంతు లోపలంతా తెర మీద చూపించింది. ఇన్నేళ్లు ఎందరి లోపలో చూశాను... నాది నేను చూసుకోవడం ఇదే మొదలు. ఎడమ స్వర తీగ అంచున చిన్న బుడిపె. సెనగ బద్దంత కూడా లేదు.

వార్డులో అరుపులా, చర్చిలో పాటలా అని అడిగాను. రెండూనట.

రెండు వారాలు ఒక్క మాట వద్దంది. గుసగుస అసలే వద్దు, అది ఇంకా చెరుపట. ఆ తర్వాత చూసి చెబుతుందట. పాట సంగతి అడిగితే — "మాటైతే వస్తుంది. పాట అప్పుడు చూద్దాం."

మే ఆఖరుకి రిటైర్‌మెంట్. ఇన్నాళ్లూ నైట్ డ్యూటీలని, ఎమర్జెన్సీలని సగం ప్రాక్టీసులు ఎగ్గొట్టాను. రిటైరయ్యాక తనివితీరా పాడుకుంటానని పాటను దాచుకుంటూ వచ్చాను. అప్పుడు చూద్దామట.

ఏప్రిల్ 10, శుక్రవారం

సెలవు దొరికింది. శాలిబండలో పలక కొన్నాను, పిల్లలది, ఎర్ర చట్రం. ఇంట్లో ఈయనకి మొదటి వాక్యం రాసి చూపించాను: ఇక మీరే మాట్లాడాలి.

కళ్లజోడు తెచ్చుకుని మరీ చదివారు. తల ఊపారు.

ఏప్రిల్ 11, శనివారం

లాల్‌దర్వాజా అంతా చప్పుడే. నాది తప్ప.

ఏప్రిల్ 13, సోమవారం

కూరగాయల బండి. బెండకాయ వేలితో చూపించాను, ధర విని చెయ్యి అడ్డంగా ఊపాను. బండి భాయ్ నాకు కోపమొచ్చిందని కంగారు పడ్డాడు. "క్యా హువా అమ్మా, గుస్సా హై క్యా?" ఈయన మెట్ల మీంచి దిగొచ్చి, గొంతు బాగాలేదని ఉర్దూలో చెప్పారు. వాడు గుప్పెడు పచ్చిమిర్చి ఊరికే వేశాడు, మళ్లీ తీసేసుకున్నాడు — గొంతు నొప్పికి మిర్చి మంచిది కాదని. బదులుగా కొత్తిమీర పెట్టాడు.

ఏప్రిల్ 15, బుధవారం

ఈయన మాట్లాడుతున్నారు!

నిన్న గ్యాస్ బండ గురించి మొదలైంది. తర్వాత పాలవాడు. ఇవాళ ఉల్లిపాయలు తరుగుతూ, నా వైపు చూడకుండా — "పొద్దుగాల బజారుకని పోతున్న గద... బజారుకు కాదు. డిపో గేటు కాడ చాయ్ బండి ఉంటది, ఆడ కూసుంటున్న. బండ్లు బయటికి వస్తుంటె ఇంజను చప్పుడు వింట. ఏ బండికి ఏం రోగమో ఎరుకయితది. ఎరుకయి ఏం లాభం? ఎవరికి చెప్పాలె?"

రిటైరై ఏడాది దాటింది. బస్సుల కింద పడుకుని బతికిన మనిషి. రోజూ బజారుకు వెళ్లి ఒక్క కొత్తిమీర కట్ట తెస్తుంటే నేను విసుక్కునేదాన్ని.

మాట ఉంటే ఎన్నో అనేదాన్ని. సలహాలు ఇచ్చేదాన్ని, ఆయన మళ్లీ నోరు మూసుకునేవారు. పలక మీద పట్టింది రాశాను: నాకు చెప్పండి.

ఏప్రిల్ 18, శనివారం

షారోన్ వచ్చింది, మనవరాలు నీలుని ఎత్తుకుని. సంతోష్‌నగర్‌లో వాళ్లింటి వెనకే నర్సింగ్ స్కూలట. నన్ను పాఠాలు చెప్పడానికి రమ్మంటున్నారట. పొద్దున్నుంచి సాయంత్రం దాకా. పైన పోర్షన్ ఖాళీగా ఉంది, ఇద్దరూ అక్కడికే వచ్చేయండి అంటోంది. నీలుని కూడా కాస్త చూసుకోవచ్చు.

"ఖాళీగ కూసోనీకి నీతోని అయితదా మమ్మీ? నాకు తెల్వదా నీ సంగతి?"

అన్నీ ఆలోచించే వచ్చింది, పాపం. ఆలోచిస్తానని రాశాను. సరేనన్నట్టు చదువుకుంది. పలకతో ఇదే కష్టం. రాసినదాంట్లో గొంతు వినబడదు.

ఏప్రిల్ 20, సోమవారం

హార్మోనియం దించాను. అమ్మది. గాలి కారుతోంది, అయినా పలుకుతోంది.

నాలుగైదేళ్లుగా ఒక బాణీ సగంలో ఉంది. మాటలు నావే.

తెల్లవారకముందే నా పేరు పిలిచినావు
తలుపు తీయకముందే లోపలున్నావు...

ఎప్పుడూ కూనిరాగంతో కట్టడమే. హార్మోనియం మెట్ల మీద వేళ్లతో కట్టడం కొత్త. గొంతు ఒప్పుకునే చోట్లకే పోయేదాన్ననీ, వేళ్లకు ఆ భయం లేదనీ ఇవాళ తెలిసింది. రెండో పాదం ఎటో వెళ్లింది. బాగుంది.

ఏప్రిల్ 24, శుక్రవారం

బుడిపె తగ్గింది. పోలేదు.

మాట్లాడవచ్చట, కొంచెం కొంచెంగా. డాక్టరమ్మ ఎదురుగా మొదటి మాట నాదే: "సరే." ఎవరో పక్కింటావిడ అన్నట్టు వినబడింది. బొంగురు.

నర్సింగ్ స్కూలు గురించి చెప్పాను. ఆమె కలం పక్కన పెట్టింది. పగలంతా పాఠాలు చెప్పి సాయంత్రం పాడతానంటే ఈ గొంతు మోయదట. "ఏదో ఒకటి తేల్చుకోండి" అంది.

ఇంట్లో ఇంకా చెప్పలేదు.

ఏప్రిల్ 27, సోమవారం

డ్యూటీలో చేరాను. నా అరుపులు ఫాతిమా అరుస్తోంది. నేను పక్కన నిలబడి మెల్లగా చెబుతాను, తను వార్డుకి వినిపిస్తుంది. నాకంటే మర్యాదగా అరుస్తుంది. జనం వింటున్నారు కూడా. నేను రిటైరైనా ఈ వార్డుకేమీ కాదు.

ఆ సంగతి సంతోషంగానే ఉంది... ఉండాలి.

మే 3, ఆదివారం

ఆరాధన తర్వాత ప్రాక్టీసు. శామ్యూల్ మాస్టారికి పాట వాయించి వినిపించాను. మే 31 నా రిటైర్‌మెంట్‌కి మా ఇంట్లో కృతజ్ఞత ప్రార్థన కూడిక, ఆ రోజు పాడదామన్నారు. ఎవరు పాడతారని ఆయన అడగలేదు. నేనే అనిత పేరు చెప్పాను.

అనిత రెండుసార్లు విని పాడేసింది. అయితే "లోపలున్నావు" దగ్గర నేను పెట్టిన మలుపు వదిలేసి తన మలుపు పెట్టింది. ఒళ్లు మండింది. అలా కాదు, ఇలా అని వాయించి చూపించాను. "ఇట్ల మంచిగుంటదేమో అనుకున్న ఆంటీ" అని మళ్లీ నాదే పాడింది, బుద్ధిగా.

ఆటోలో ఇంటికి వచ్చేసరికి నా తలలో తిరుగుతున్నది ఆ పిల్ల మలుపే.

మే 5, మంగళవారం

చెప్పేశాను. ఉద్యోగం చేయను, పాడతాను అని. భోజనాల దగ్గర.

ఈయన కంచం ముందు అలాగే కూర్చున్నారు. తర్వాత నెమ్మదిగా — "ఇన్నేండ్లు డ్యూటీ డ్యూటీ అంటివి. ఇప్పుడు పాట అంటున్నవ్. మరి ఇండ్ల నేనేడ ఉన్న?"

గట్టిగా అన్నా బాగుండేది.



మే 6, బుధవారం

డ్యూటీ అంతా అదే మాట. పాట మానేస్తే ఆయనకు చోటు దొరుకుతుందా? దొరకదు. రోజంతా సంతోష్‌నగర్‌లో పాఠాలు చెప్పి వచ్చి పడుకుంటాను, అంతే. ఆయన మళ్లీ డిపో గేటు దగ్గరే.

పాట మానను. కానీ ఆయన్ని గుమ్మం బయట పెట్టి పాడను.

మే 8, శుక్రవారం

హార్మోనియం ఆయన ముందు పెట్టాను. గాలి ఎక్కడ కారుతోందో చూడమన్నాను.

చెవి ఆనించారు. గాలి తిత్తి మెల్లగా నొక్కారు, వదిలారు. మళ్లీ నొక్కారు. ఆయన ముఖం చూస్తూ కూర్చున్నాను. ఏడాదిగా చూడని ముఖం.

మే 10, ఆదివారం

విప్పేశారు! హాలంతా హార్మోనియమే. ఒక రీడు, స్వరం పలికే రేకు, విరిగింది కూడా. అమ్మ హార్మోనియం అని నోటిదాకా వచ్చింది. రోజుకు నాకున్న కొద్ది మాటల్లో ఆ మాట ఖర్చు పెట్టలేదు. రేపు రీడు దొరికే దుకాణం వెతుకుతారట, డిపో వైపు కాదట.

మే 12, మంగళవారం

నర్సింగ్ స్కూలుకి నేనే వెళ్లాను. రాలేనని నిలబడి చెప్పాను, నాలుగు మాటల్లో. ప్రిన్సిపాల్ కుర్చీ చూపించింది, ఇంకోసారి ఆలోచించమంది. కూర్చుంటే ఒప్పుకుంటానేమోనని కూర్చోలేదు.

అక్కడి నుంచి షారోన్ దగ్గరికి. ముఖం ముడుచుకుంది. వాళ్లను అడిగి, ఒప్పించి పెట్టిందట. నిజమే. నీలుని వారానికి రెండు రోజులు నా దగ్గర ఉంచమన్నాను. ఇల్లు మారడం మాత్రం ఇప్పుడు కాదన్నాను. "మంచిగనే షరతులు పెడుతున్నవ్ మమ్మీ" అంది. చాయ్ ఇచ్చింది, చక్కెర మరిచిపోయింది. తాగేశాను.

మే 17, ఆదివారం

హార్మోనియం పలికింది. కొత్త రీడు కొంచెం గట్టిగా అరుస్తుంది, మా ఆయన రెండు రోజులుగా దాంతో గొడవ పడుతున్నారు. అది మోసుకుని ఆయనే ప్రాక్టీసుకి వచ్చారు. వెనక బెంచీలో కూర్చున్నారు. శామ్యూల్ మాస్టారు స్టోర్‌రూమ్‌లోంచి చర్చి పాత హార్మోనియం తీయించి చూపించారు. ఎలుకలు కొరికిన తిత్తి. ఈయన చొక్కా చేతులు మడిచారు.

అనితతో చెప్పాను — నీ మలుపే ఉంచు అని.

మే 30, శనివారం

వార్డులో శాలువా, దండ, సమోసాలు. నన్ను మాట్లాడమన్నారు. ముందే అనుకున్న నాలుగు మాటలు చెప్పి కూర్చున్నాను. మిగిలింది ఫాతిమా చెప్పింది. "మా సిస్టర్ అరిస్తె గేటు కాడ వాచ్‌మన్ గూడ లేచి నిలబడుతుండె" అంటే అందరూ నవ్వారు. తర్వాత తనే మాట ఆగి ఏడ్చింది.

మూడో మంచం మీద బాలింతకి పాలు పట్టడం రావడం లేదు. దండ తీసి కిటికీలో పెట్టి, వెళ్లి పట్టించి వచ్చాను.

మే 31, ఆదివారం

కూడిక అయింది. మా ఇంట్లో ఇంతమంది పడతారనుకోలేదు, మెట్ల మీద కూడా కూర్చున్నారు. నేను వాయించాను, అనిత పాడింది.

నా మాటలు, నా బాణీ, ఆ పిల్ల గొంతు. బాగుంది. ఎంత బాగుందో రాయాలని లేదు. ఆఖరి పాదంలో నా నోరు దానంతట అదే తెరుచుకుంది. మూసుకున్నాను. చేతులు హార్మోనియం మెట్ల మీద ఉన్నాయి కాబట్టి సరిపోయింది, లేకపోతే వాటిని ఎక్కడ పెట్టుకునేదాన్నో.

అందరూ అనితను మెచ్చుకున్నారు. నేనూ మెచ్చుకున్నాను.

నాకు పాడాలని ఉంది.

జూన్ 4, గురువారం

డాక్టరమ్మ తెర మీద మళ్లీ చూపించింది. బుడిపె అంతే ఉంది, ఇక తనంతట పోదట. చిన్న ఆపరేషన్. చేయించుకుంటే చాలామందికి గొంతు తేటపడుతుంది, పై స్థాయి మాత్రం హామీ ఇవ్వలేనంది. చేయించుకోకపోయినా మాటకు ఢోకా లేదు, ఇలాగే బొంగురుగా నడుస్తుంది.

తేదీ అడిగి తీసుకున్నాను. ఆ తర్వాతే ఇంటికి వచ్చాను.

జూన్ 5, శుక్రవారం

షారోన్ ఫోన్. "మాట్లాడుతున్నవ్ గద మమ్మీ, చాలదా? ఈ వయసుల కత్తెందుకు?"

చాలదు అన్నాను.

జూన్ 7, ఆదివారం

ఈయన చర్చి హార్మోనియం ఇంటికి తెచ్చి తిత్తికి తోలు అంటిస్తున్నారు. జిగురు వాసన వంటింటి దాకా. మధ్యలో తలెత్తి, మత్తు ఇస్తరా అని అడిగారు. ఇస్తారన్నాను. ఎంతసేపు అన్నారు. ఆపరేషన్ థియేటర్ల బయట నిలబడ్డ మొగుళ్లకి ఎన్నిసార్లు చెప్పానో ఆ జవాబు. ఆయనకు చెప్పేటప్పుడు తడబడ్డాను.

జూన్ 11, గురువారం

పొద్దున్నే. కడుపు ఖాళీ. నీళ్లు కూడా వద్దన్నారు.

సంచి సర్దాను. ఇంత చదివిన నర్సమ్మకి సంచిలో ఏం పెట్టుకోవాలో తెలియలేదు. షారోన్ నేరుగా ఆస్పత్రికి వస్తానంది.

ఈయన చెప్పులు వేసుకుని, మళ్లీ విప్పి లోపలికి వచ్చారు. నా ఎదురుగా కూర్చున్నారు. పెళ్లయినప్పటి నుంచి ఎన్ని ఈస్టర్లు, ఎన్ని క్రిస్మస్‌లు, ఎప్పుడూ వెనక బెంచీలో కూర్చుని విని, బయటికొచ్చి స్కూటర్ స్టార్ట్ చేసేవారు. పాట బాగుందనీ అనలేదు, బాగాలేదనీ అనలేదు.

"రత్నా... పోయే ముందు ఒక్కసారి పాడరాదు" అన్నారు.

ఎందుకు అడుగుతున్నారో తెలుసు. ఆయనకూ తెలుసు నాకు తెలుసని.

నోరు తెరిచాను. మొదటి పాదం నాలిక చివర ఉంది. బొంగురుగానైనా వచ్చేది.

"వచ్చినంక పాడుత" అన్నాను.

లేచి సంచి భుజాన వేసుకున్నారు. కింద ఆటో హారన్ కొడుతోంది.