క్రేను జప్తుకు వెళ్ళిన వదిన వీలునామా

పన్నుల శాఖలో వసూలు అధికారిణిగా పనిచేసి రిటైరైన నేను, తెలివి నిలకడగా ఉండగా, ఎవరి బెదిరింపూ బతిమాలింపూ లేకుండా, ఎడమచేత్తో స్వయంగా రాసిన వీలునామా ఇది. బెదిరింపు అంటే ఏమిటో నాకు బాగా తెలుసు కాబట్టి, ఇప్పుడది లేదని గట్టిగా చెప్పగలను. దీన్ని అమలు జరిపే బాధ్యత మా వకీలుది.

1. నేను ఉంటున్న ఇల్లు, సర్వహక్కులతో, మా ఆఫీసు జీపు డ్రైవరు భార్యకు చెందాలి. ఎందుకో నా వారసులకు తెలియాలి. కాంట్రాక్టరైన నా మరిది, తాపీ మేస్త్రీల బిల్లుల్లోంచి పన్ను కోసుకుని, సర్కారుకు కట్టకుండా మింగేశాడు. నోటీసులు మాత్రం మేస్త్రీల ఇళ్ళకు పోయాయి. అతని క్రేను జప్తు చేయడానికి నేనూ డ్రైవరూ సైటుకు వెళ్ళాం. "వదినా, ఇంటికి రా, అన్నం పెడతా. ఇక్కడ అడుగుపెడితే మాత్రం చుట్టరికం చూడను" అన్నాడు మరిది. నేను ఉత్తర్వు చదవడం మొదలుపెట్టాను. అతను చెయ్యెత్తి సైగ చేశాడు. క్రేనుకు వేలాడుతున్న ఇటుకల తొట్టి ఊడిపడింది. డ్రైవరు నన్ను తోసేసి తాను దాని కింద పడ్డాడు. ఆ గుట్టలోంచి అతని చెప్పు ఒక్కటే కనిపించింది. అతని భార్య చాలాకాలం నా మొహం చూడలేదు. తప్పు పట్టను.

2. మరిదికి చిల్లిగవ్వ కూడా రాయడం లేదు. నేను లేవబోతుంటే, ఉత్తర్వు పట్టుకున్న చేతి మీద ఇనుపచువ్వతో కొట్టాడు. ఎముక బయటికొచ్చినా ఆపలేదు. నా ఎడమచేతికి తాపీ దొరికింది. దాంతో అతని చెంప చెవినుంచి గడ్డందాకా చీల్చాను. కుడిచేతిని డాక్టరు మోచేతి దగ్గర తీసేశాడు. మరిది జైలునుంచి వచ్చి, ఆ గాటు కనబడకుండా గడ్డం పెంచాడట. నాకు విచారం లేదు. ఇంకాస్త లోతుగా దిగాల్సింది.

3. బంగారు గాజుల జత మరిది కూతురికి. మావాళ్ళెవరూ ఆస్పత్రి గుమ్మం తొక్కనప్పుడు, ఆ పిల్ల, బెయిలు మీద ఇంట్లో ఉన్న తండ్రి చేత దెబ్బలు తిని మరీ వచ్చి నాకు జడ వేసింది. "పెద్దమ్మా, చిక్కు పడింది, నొప్పెడితే చెప్పు" అంది. ఒక గాజు చువ్వదెబ్బకు వంకరపోయింది. సరిచేయించుకుంటుందో, కరిగించుకుంటుందో తన ఇష్టం.

4. కాంట్రాక్టర్ల సంఘం పెద్దను మేం తేనెనోరు అనేవాళ్ళం. పండ్లబుట్టతో ఆస్పత్రికొచ్చి, "మేడమ్, ఇంకో చెయ్యి ఉందిగా, దాన్నైనా కాపాడుకోండి" అన్నాడు. అతని దండ నా శవం మీద పడకూడదు, గేటు దగ్గరే తిప్పి పంపాలి. తన పన్ను బకాయి కట్టిన రసీదు తెస్తే మాత్రం లోపలికి పిలిచి కుర్చీ వేయండి.

5. మా ఆయనకు ఆస్తి రాయడం లేదు. కోపంతో కాదు. ఆస్తి పొందేవాళ్ళు సాక్షిగా ఉండకపోతే మంచిదని వకీలు చెప్పాడు. నాకు కావలసింది ఆయన సాక్షి సంతకం. ఆ రోజు ఆయన తమ్ముడి సైటు ఆఫీసు కిటికీలోనే నిలబడి ఉన్నాడు. కోర్టులో మాత్రం, "నేనేమీ చూళ్ళేదండీ, కొక్కెం దానంతటదే జారింది" అన్నాడు. క్రేను ఆపరేటరు నోరు విప్పబట్టి శిక్ష పడింది. అప్పటినుంచి ఆయన అద్దెగదిలో, నేను ఇక్కడ. ఈ కాగితం ఆయన ముందు పెట్టి, చూసింది రాయమంటాను. రాయనంటే పక్కింటివాళ్ళను పిలుస్తాను, ఇల్లు చేరవలసినచోటికి చేరుతుంది. కానీ ముందు ఆయన్నే అడుగుతాను.

తేదీ: 2019 మార్చి 31, లెక్కలు మూసే రోజు.

వీలునామా రాసినవారి సంతకం (ఎడమచేత్తో)

సాక్షులు:

నా చేతికి ఆపరేషన్ చేసిన డాక్టరు: సంతకం నా ఎదుటే జరిగింది.

భర్త: నా భార్య సంతకం చేయడం నేను చూశాను. ఆ రోజు మా తమ్ముడు చెయ్యెత్తడం కూడా చూశాను.